రెండో భాషగా తెలుగు రాసే పిల్లల నోట్సు దిద్దడం ఎలా?

"పేజీ అంతా దిద్ది ఇచ్చాను మేడం, వచ్చే వారం మళ్ళీ అవే తప్పులు. ఇంకేం చేయాలి?" హైదరాబాద్‌లో రెండో భాషగా తెలుగు చెప్పే టీచర్లు నన్ను తరచూ అడిగేది ఇదే. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. క్లాసులో పెట్టుకుని వాడుకోండి.

ఇది ముఖ్యంగా ఇంట్లో హిందీ, ఉర్దూ, మార్వాడీ, గుజరాతీ, మరాఠీ మాట్లాడే పిల్లలకు తెలుగు రాత నేర్పేవాళ్ళ కోసం. 2018 చట్టం తర్వాత తెలంగాణలో అన్ని బోర్డుల బడుల్లోకీ దశలవారీగా తెలుగు తప్పనిసరిగా వచ్చింది. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ లాంటి బోర్డుల బడుల్లో తొమ్మిది, పది తరగతులకు 'సింగిడి' బదులు సులువైన 'వెన్నెల' వాచకం పెట్టాలని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం చెప్పింది. పాఠం తేలికైనంత మాత్రాన రాత తేలిక కాదు. పాఠం చదివి అర్థం చేసుకునే పిల్లవాడు కూడా సొంతంగా పది వాక్యాలు రాయమంటే తడబడతాడు. ఆ పది వాక్యాల్ని మీరు ఎలా దిద్దుతారన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తాను. రెండో భాష రాతలో వ్యాకరణం దిద్దడం పనికిరాదు, మానేయండి అని 1996లో జాన్ ట్రస్కాట్ అనే పరిశోధకుడు గట్టిగా వాదించాడు. 1999లో డానా ఫెరిస్ దానికి జవాబు రాస్తూ, తప్పుల్ని ఏరి, స్పష్టంగా గుర్తుపెట్టి, పిల్లల చేతే సరిచేయిస్తే ఫలితం ఉంటుందంది. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అన్ని తప్పుల్నీ ఒకేసారి దిద్దే పద్ధతి కంటే ఒకటి రెండు రకాల మీదే కొన్నాళ్ళు నిలబడే పద్ధతి మీద నాకు నమ్మకం. కింద చెప్పేదంతా ఆ పద్ధతే.

కావలసినవి

రాతకు విడిగా ఒక రూళ్ళ నోట్‌బుక్. క్లాస్‌వర్క్ నోట్సులో కలపకండి, పాత రాత వెతుక్కోవడానికి ఇబ్బంది అవుతుంది. మార్జిన్ వెడల్పుగా ఉండాలి, లేకపోతే స్కేలు పెట్టి గీయించండి.

ఏ రంగైనా సరే, ఒక పెన్ను. ఎరుపు వద్దు, ఆకుపచ్చ వాడండి అని చాలామంది చెబుతారు. పిల్లల్ని భయపెట్టేది పెన్ను రంగు కాదు, పేజీలో ఉన్న గీతల సంఖ్య.

క్లాసుకు ఒక రిజిస్టర్ పేజీ. అందులో పిల్లల పేర్లు, పక్కన వాళ్ళు ఇంట్లో మాట్లాడే భాష రాసుకోండి. ఇది చాలామంది చేయరు. కానీ ఎవరు ఏ తప్పు ఎందుకు చేస్తున్నారో సగం ఇక్కడే తెలిసిపోతుంది.

వారానికి ఒక పూర్తి పీరియడ్, మరో రోజు పది నిమిషాలు.

1. రాయించడం

క్లాసులోనే రాయించండి. ఇంటికి ఇస్తే ఫోన్‌లో అనువాదం చేసి తెస్తారు. "నేను ఒక కుక్కను కలిగి ఉన్నాను", "ఆహారం తినబడింది" లాంటి వాక్యాలు కనిపిస్తే అది పిల్లవాడి తెలుగు కాదు, దిద్ది లాభం లేదు. కోప్పడకండి. "నీకు తెలిసిన మాటలతో ఇక్కడే రాయి" అని ఖాళీ పేజీ ఇవ్వండి.

ఎనిమిది నుంచి పది వాక్యాలు చాలు. వరస విడిచి వరస రాయమనండి, సరిచేసుకోవడానికి చోటు ఉంటుంది. అంశం పిల్లవాడి బతుకులోంచే తీయండి: మొన్నటి ఆదివారం, మా ఇంటి వంట, బస్సులో జరిగింది. "నీటి కాలుష్యం" ఇస్తే బట్టీ పట్టిన వ్యాసం వస్తుంది, అందులో తప్పులూ ఉండవు, తెలుగూ ఉండదు.

2. పెన్ను పక్కన పెట్టి ఒకసారి చదవడం

మొదటిసారి చదివేటప్పుడు చేతిలో పెన్ను ఉండకూడదు. ఏం చెప్పాడో చూడండి. చదివాక కింద ఒక వాక్యం రాయండి, అది వాడు చెప్పిన విషయానికి జవాబులా ఉండాలి. "మీ నానమ్మ చేసే దాల్ బాటీ నాకూ తినాలని ఉంది" లాంటిది. "గుడ్" అని రాస్తే సరిపోదు. తను రాసింది ఎవరో చదివారని తెలిసిన పిల్లలే తిరగరాయడానికి ఒప్పుకుంటారు. నా లెక్కలో దీన్ని వదిలేసి ఏ మెట్టూ ఎక్కలేం.

3. తప్పుల్ని విడదీయడం

ఇప్పుడు తప్పులు చూడండి. మనసులోనే మూడు కుప్పలు వేయండి.

మొదటిది, చేయి జారినవి. అదే పేజీలో ఒకచోట సరిగ్గా రాసి, ఇంకోచోట తప్పు రాసి ఉంటే పిల్లవాడికి విషయం తెలుసు, తొందరలో జారాడు. వీటికి పాఠం అక్కర్లేదు. "ఇంకోసారి చదువుకో" అంటే తనే పట్టుకుంటాడు. తెలిసి జారినదీ తెలియక చేసినదీ వేర్వేరని 1967లోనే పిట్ కార్డర్ అనే భాషావేత్త చెప్పాడు. దిద్దేటప్పుడు ఈ తేడా ఒక్కటి గుర్తుంచుకున్నా మీ పని సగం తగ్గుతుంది.

రెండోది, నియమం చెప్పగలిగినవి. "పిల్లలు ఆడుతున్నాయి" లాంటివి. ఒక వాక్యంలో కారణం చెప్పవచ్చు, పిల్లవాడు తనే సరిచేసుకోగలడు. మీ శ్రమ అంతా ఇక్కడ పెట్టండి.

మూడోది, నియమం లేని వాడుకలు. "నాకు కుక్కల నుంచి భయం" అని రాస్తాడు. హిందీలో భయానికి 'సే' వస్తుంది కాబట్టి 'నుంచి' అనుకున్నాడు. మనం "కుక్కలంటే భయం" అంటాం. ఎందుకలా అంటే చెప్పడానికి సూత్రం ఏమీ లేదు. "అమ్మతో అడిగాను" కూడా అంతే, మనం "అమ్మని అడిగాను" అంటాం. "ఇల్లుకి", "ఊరులో" కూడా ఇక్కడికే వస్తాయి. ఇంటికి, ఊళ్ళో, నోట్లో, చేత్తో అన్న రూపాలు విని గుర్తుంచుకోవలసినవే. ఇలాంటివాటి కింద గీత గీసి "సరిచెయ్" అంటే పిల్లవాడు ఊహతో మరో తప్పు రాస్తాడు. సరైన మాట మీరే రాసి ఇచ్చేయండి.

ఒక హెచ్చరిక. "వచ్చిండు", "పోయిన్రు", "చేస్తున్నడు" అని రాసినవాటిని ఏ కుప్పలోనూ వేయకండి. అవి తప్పులు కావు, ఇక్కడి మాట. ఆ పిల్లవాడు పుస్తకం బయట, గల్లీలో, స్నేహితుల దగ్గర తెలుగు నేర్చుకుంటున్నాడని అర్థం. దానికి సంతోషించాలి. పరీక్షలో పుస్తకం రూపం అడుగుతారు కాబట్టి పక్కన "రాతలో: వచ్చాడు" అని పెన్సిల్‌తో రాయండి. అడ్డంగా కొట్టేయకండి. అలాగే "టీచర్ వచ్చింది" అని రాస్తే అది వ్యాకరణం తప్పు కాదు, మర్యాద విషయం. నోటితో చెప్పండి, మార్కులు తీయకండి.

4. రెండు రకాలు ఎంచుకోవడం

రెండో కుప్పలోంచి రెండే రెండు రకాలు తీసుకోండి. క్లాసులో ఎక్కువమంది చేస్తున్నవి, చదివేవాళ్ళకు అర్థం మారిపోయేవి ముందు. నాలుగు వారాల దాకా వాటినే దిద్దండి. మన ఊరి క్లాసుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించేవి ఇవి.

అక్కర్లేని 'ఉంది'. "మా నాన్న డాక్టర్ ఉన్నారు", "ఇది నా పుస్తకం ఉంది." ఇలాంటి వాక్యం హిందీ, ఉర్దూల్లో చివర 'హై' లేకుండా ముగియదు. మరాఠీలో 'ఆహే', గుజరాతీలో 'ఛే' అంతే. అందుకే ఈ తప్పు దాదాపు అందరిలో కనిపిస్తుంది. పిల్లలకు ఇలా చెప్పండి: "ఎవరు, ఏమిటి అని చెప్పేటప్పుడు ఉంది వద్దు. ఎక్కడ, ఎలా అని చెప్పేటప్పుడు ఉంది కావాలి." ఇది నా పుస్తకం. పుస్తకం బల్ల మీద ఉంది. పుస్తకం కొత్తగా ఉంది. ఈ మూడు వాక్యాలూ బోర్డు మీద ఒక మూల నెల రోజులు ఉంచేయండి.

'కాదు', 'లేదు' కలిసిపోవడం. "ఇది నా పెన్ను లేదు." హిందీలో రెండింటికీ 'నహీఁ' ఒక్కటే. పై సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది: 'ఉంది' రాని చోట 'కాదు', 'ఉంది' వచ్చే చోట 'లేదు'. ఈ రెండు రకాల్నీ జంటగా తీసుకుంటే ఒక పాఠంతో రెండు పనులు అవుతాయి. ఏవి ముందు తీసుకోవాలో తేల్చుకోలేకపోతే వీటితోనే మొదలుపెట్టండి.

బహువచనంలో క్రియ. "పిల్లలు ఆడుతున్నాయి", "కుక్కలు మొరుగుతున్నారు." హిందీలో ఆడా మగా తేడా ఉంటుంది గానీ బహువచనంలో మనుషులా కాదా అన్న తేడా క్రియలో కనిపించదు. మనకు అదే ముఖ్యం. మనుషులైతే 'రు', మిగతావన్నీ 'యి' అని చెబితే చాలు. ఇందులోనే ఇంకో చిక్కు ఉంది: "నీళ్ళు వచ్చింది", "పాలు విరిగిపోయింది." నీళ్ళు, పాలు మనకు ఎప్పుడూ బహువచనమే, బియ్యం కూడా "అయిపోయాయి" అంటాం. హిందీలో ఏకవచనం కాబట్టి పిల్లలకు ఇది తట్టదు. నియమం చెప్పాక ఈ మూడు మాటల్నీ విడిగా గుర్తు చేయండి.

మనుషుల లెక్క. "రెండు అన్నలు", "మూడు అమ్మాయిలు." ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు నోటికి రావాలి. "చాలా మనుషులు" బదులు "చాలామంది" కూడా ఇందులోనే చెప్పేయండి. తొందరగా పోయే తప్పు ఇది, వారంలో తేడా కనిపిస్తుంది.

'మనం', 'మేము'. "మనం మొన్న మా తాతగారి ఊరికి వెళ్ళాం" అని స్నేహితుడికి ఉత్తరం రాస్తారు, ఆ స్నేహితుడు వెళ్ళనే లేదు. హిందీలో 'హమ్' ఒక్కటే. అయితే మీ రిజిస్టర్‌లో ఇంటి భాష చూడండి. మరాఠీ పిల్లలకు 'ఆపణ్', 'ఆమ్హీ' ఉన్నాయి. గుజరాతీలో 'ఆపణే', 'అమే', మార్వాడీలో 'ఆపాఁ', 'మ్హే' ఉన్నాయి. ఆ తేడా వాళ్ళ ఇంట్లోనే ఉంది. బేగంబజార్ నుంచి వచ్చే పిల్లవాడికి "ఆపాఁ అనే చోట మనం, మ్హే అనే చోట మేము" అంటే పాఠం అక్కడితో అయిపోతుంది. హిందీ మాత్రమే వచ్చిన పిల్లలకు మాత్రం ఓపికగా, "వినేవాడు కూడా ఉన్నాడా?" అన్న ప్రశ్న అలవాటు చేయాలి.

లోపించిన 'అని'. "అమ్మ చెప్పింది త్వరగా రా." హిందీలో 'అని' పని చేసే 'కి' ముందు వస్తుంది, చెప్పిన మాట దాని తర్వాత వస్తుంది. మనకు మాట ముందు, 'అని' తర్వాత, చెప్పడం చివర. ఇక్కడ పాతబస్తీ పిల్లలకు ఒక వరం ఉంది. ఇంట్లో దక్కనీ మాట్లాడేవాళ్ళు "కల్ ఆతూఁ బోల్కే బోల్యా" (రేపు వస్తానని చెప్పాడు) అంటారు. ఆ 'బోల్కే' మన 'అని' నడిచినట్టే నడుస్తుంది, అదే చోట వస్తుంది. "మీరు బోల్కే అనే చోట అని పెట్టండి" అంటే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. తమ ఇంటి మాట బడిలో పనికొచ్చిందన్న గర్వం కూడా దక్కుతుంది. ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చి గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఉంటున్న పిల్లలకు ఈ సౌకర్యం లేదు, వాళ్ళకు బాణం గుర్తులు గీసి వరస మార్చి చూపించాలి.

'అగర్' వాక్యాలు. "ఒకవేళ వర్షం వస్తుంది అప్పుడు నేను రాను" బదులు "వర్షం వస్తే రాను." ఇది ఏడో తరగతి పైన చూసుకోండి. చిన్నపిల్లలకు తొందర లేదు.

తమిళం మాట్లాడే పిల్లలు పై తప్పుల్లో చాలావరకు చేయరు, రెండు భాషల వాక్యం నడక దగ్గర. వాళ్ళు క-గ, త-ద దగ్గర తడబడతారు, ఎందుకంటే తమిళ లిపిలో వాటికి వేరే అక్షరాలు లేవు. అది అక్షరదోషం, దానికి వేరే రోజు పెట్టుకోండి. హిందీ పిల్లల ఎ-ఏ, ఒ-ఓ తికమక కూడా అంతే. వ్యాకరణం దిద్దే రోజు అక్షరదోషాల జోలికి వెళ్ళకండి. మనసు ఒప్పుకోదు, తెలుసు. అయినా ఆపుకోండి.

5. గుర్తు పెట్టడం

ఎలా పెట్టాలో ఒక పేరా తీసుకుని చూద్దాం. ఐదారు తరగతుల హిందీ పిల్లలు రాసే తీరులో నేనే రాశాను:

"మొన్న ఆదివారం మనం చార్మినార్ వెళ్ళాం. నాతో అమ్మ, నాన్న మరియు రెండు అన్నలు ఉన్నారు. అక్కడ చాలా మనుషులు ఉన్నాయి. నాన్న చెప్పారు ఇది చాలా పాత కట్టడం ఉంది. నేను నాన్నతో అడిగాను దీన్ని ఎవరు కట్టారు. మక్కా మసీదు దగ్గర పావురాలు గింజలు తింటున్నారు. నాకు పావురాల నుంచి భయం లేదు. తర్వాత మేము పానీపూరి తిన్నాం. నీళ్ళు చాలా కారం ఉంది. ఇల్లుకి వచ్చేసరికి రాత్రి అయింది."

తప్పులు పది పైనే. అన్నీ దిద్దితే పేజీలో సొంత వాక్యం ఒక్కటీ మిగలదు. కానీ చూడండి, ఎంత బాగా చెప్పాడు! విషయం అంతా అర్థమైంది. ఈ వారం మీరు ఎంచుకున్నవి బహువచన క్రియ, అక్కర్లేని 'ఉంది' అనుకుందాం. అప్పుడు గుర్తు పడేవి నాలుగే: "మనుషులు ఉన్నాయి", "కట్టడం ఉంది", "పావురాలు తింటున్నారు", "నీళ్ళు ఉంది." మార్జిన్‌లో మొదటి రకానికి 'క్రి', రెండో రకానికి 'ఉం' అని రాయండి. సరైన రూపం మీరు రాయకండి.

"నాన్నతో అడిగాను", "పావురాల నుంచి భయం", "ఇల్లుకి" మూడో కుప్పలోవి. వీటిలో ఒకటో రెండో పైన సరైన మాట రాసి ఇవ్వండి. "మనం", "రెండు అన్నలు", లోపించిన 'అని' ఈ వారం వదిలేయండి. 'మరియు' తప్పు కాదు, "అమ్మా నాన్నా అన్నలూ" అనడం వాడికి తర్వాత వస్తుంది. ఇంకో సంగతి గమనించారా? మొదట "మనం" అన్నవాడు చివర్లో "మేము" అన్నాడు. అంటే మాట తెలుసు, పట్టు దొరకలేదు. వచ్చే నెల అది తేలిక పాఠం అవుతుంది, రిజిస్టర్‌లో రాసి పెట్టుకోండి.

పిల్లవాడి స్థాయిని బట్టి సాయం మార్చండి. బాగా వెనకబడినవాడికి తప్పు మాట కింద గీత గీసి, గుర్తు కూడా పెట్టండి. మధ్యస్థంగా ఉన్నవాడికి మార్జిన్‌లో గుర్తు చాలు, ఆ వరసలో తప్పు ఎక్కడుందో వాడే వెతకాలి. ముందున్నవాడికి పేజీ కింద "క్రి 3, ఉం 1" అని లెక్క మాత్రం ఇవ్వండి.

గుర్తులు రెండు మూడు మించకూడదు. వాటి అర్థం నోట్‌బుక్ అట్ట లోపల రాయించండి. 'ప్రథమా విభక్తి', 'సకర్మక క్రియ' లాంటి పేర్లు ఈ పనికి అక్కర్లేదు.

6. తిరగరాయించడం

అసలు దిద్దుబాటు ఇక్కడ జరుగుతుంది. నోట్సు ఇచ్చేసి వెళ్ళిపోతే పిల్లలు మార్కులు చూసి సంచిలో పెట్టేస్తారు. ఇచ్చిన రోజే, మీరు క్లాసులో ఉండగానే పది నిమిషాలు ఇవ్వండి. గుర్తున్న వాక్యాల్ని విడిచిపెట్టిన వరసలో సరిచేసి రాయాలి. మీరు బెంచీల మధ్య తిరుగుతూ ఉండండి. "టీచర్, ఇది రైటా?" అని అడిగితే వెంటనే అవును కాదు అనకండి. "మనుషులా, కాదా?" అని తిరిగి అడగండి.

మార్కులు తిరగరాశాకే వేయండి. ముందే వేస్తే రెండోసారి ఎవరూ చదవరు.

ఇంపోజిషన్ మాత్రం వద్దు. "నీళ్ళు వచ్చాయి" అని పాతికసార్లు రాయించినా పాలు అనేసరికి "విరిగిపోయింది" అనే రాస్తారు. దాని బదులు ఆ రకం వాక్యాలు కొత్తవి మూడు, వాళ్ళ ఇంటి గురించి రాయమనండి.

7. పది నిమిషాల పాఠం

వారం మధ్యలో ఒక రోజు, పేర్లు తీసేసి, పిల్లల నోట్సుల్లోంచి ఏరిన నాలుగు వాక్యాలు బోర్డు మీద రాయండి. వాటిలో రెండు సరైనవి ఉండాలి. అన్నీ తప్పులే పెడితే పిల్లలు ఆలోచించకుండా అన్నింటినీ మార్చేస్తారు. ఏది సరో, ఎందుకో జంటలుగా మాట్లాడుకోనివ్వండి. ఇంటి భాషలో మాట్లాడుకున్నా అడ్డు చెప్పకండి. ఎవరి వాక్యమో ఎప్పుడూ చెప్పకూడదు. అక్షరాలు గుర్తుపట్టి నవ్వే పిల్లలు ఉంటారు, కాబట్టి ఊరి పేరు, మనిషి పేరు మార్చి రాయండి.

టీచర్లు ఎక్కువగా పొరబడే చోట్లు

ప్రతి వారం రకం మార్చేయడం. పిల్లలకు పట్టు దొరికే లోపే కొత్తది వచ్చేస్తే పాతది జారిపోతుంది.

వాక్యాన్ని మనమే తిరగరాసి అందంగా చేయడం. "నీళ్ళు చాలా కారం ఉంది" ని "పానీపూరి నీళ్ళ ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి" అని మార్చితే అది మీ వాక్యం అయిపోయింది. "కారంగా ఉన్నాయి" దాకానే ఆగండి.

తప్పులు తగ్గాయని సంబరపడటం, కానీ పిల్లవాడు రాయడమే తగ్గించాడని గమనించకపోవడం. భయపడిన పిల్లలు నాలుగు మాటల వాక్యాల్లోకి ముడుచుకుపోతారు. "నేను లేచాను. నేను తిన్నాను. నేను పడుకున్నాను." తప్పులేదు, రాతా లేదు. ఇలా కనిపిస్తే రెండు వారాలు గుర్తులు పూర్తిగా ఆపేసి, విషయానికి మాత్రమే జవాబులు రాయండి.

మీ పరిస్థితి వేరైతే

క్లాసులో నలభై మంది పైన ఉంటే అందరివీ ప్రతి వారం దిద్దలేరు. నాలుగు జట్లు చేయండి, వారానికి ఒక జట్టుకు పూర్తిగా గుర్తులు పెట్టండి. మిగతావాళ్ళు పక్కవాళ్ళ నోట్సు మార్చుకుని ఎంచుకున్న రకం ఒక్కటే పెన్సిల్‌తో వెతకాలి. పిల్లలకు పిల్లలు అన్ని తప్పులూ దిద్దే పని ఇవ్వకండి, సరైనవాటిని కూడా చెరిపేస్తారు.

ప్రిన్సిపాల్ నోట్‌బుక్ తనిఖీలో "ఇన్ని తప్పులు వదిలేశారేం?" అని అడిగే బడులు ఉన్నాయి. తల్లిదండ్రులు కూడా పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతారు. అడిగే ముందే చెప్పేయడం మేలు. నోట్‌బుక్ మొదటి పేజీలో "ఈ నెల దిద్దేది: బహువచన క్రియ, అక్కర్లేని ఉంది" అని రాయించి తేదీ వేయండి. వదిలేసినది నిర్లక్ష్యం కాదు, పద్ధతి అని అక్కడే తెలుస్తుంది. చాలామందికి ఇది చూపిస్తే టెన్షన్ తగ్గుతుంది, ఇంట్లో వాళ్ళు కూడా ఆ రెండింటినే గమనిస్తారు. అప్పటికీ అన్నీ దిద్దాల్సిందే అని పట్టుబడితే, ఎంచుకున్నవాటిని పెన్నుతో, మిగతావాటిని పెన్సిల్ చుక్కతో గుర్తించండి. తిరగరాయించేది మాత్రం పెన్నుతో పెట్టినవే.

పెద్దవాళ్ళకు, అంటే ఉద్యోగాల కోసం వచ్చి తెలుగు నేర్చుకునేవాళ్ళకు చెబుతుంటే ఏ తప్పు దిద్దాలో వాళ్ళనే అడగండి. అపార్ట్‌మెంట్ గ్రూపులో వాట్సాప్ మెసేజ్ రాయడమే వాళ్ళ అవసరమైతే ఆ మెసేజే మీ పాఠం. "నీళ్ళు రాలేదు", "ఇది మా పార్కింగ్ కాదు" సరిగ్గా రాయగలిగితే వాళ్ళకు అదే పెద్ద విజయం.

8. ఫలితం సరిచూసుకోవడం

తిరగరాసిన పేజీ చూసి నేర్చుకున్నాడని తేల్చకండి. గుర్తు చూసి సరిచేయడం వేరు, గుర్తు లేకుండా సరిగ్గా రాయడం వేరు. నాలుగో వారం చివర కొత్త అంశం ఇచ్చి, ఏ నియమం చూస్తున్నారో చెప్పకుండా రాయించండి. ఆ రూపాలు తప్పక వచ్చే అంశం కావాలి: బహువచన క్రియకైతే "మా వీధిలో పొద్దున" బాగుంటుంది, అందులో పాలు, నీళ్ళు, కుక్కలు, పిల్లలు, ఆటోలు అన్నీ వస్తాయి.

తప్పులు మాత్రమే లెక్కపెట్టకండి. ఆ రూపం రావలసిన చోట్లు ఎన్ని, అందులో సరిగ్గా రాసినవి ఎన్ని అని చూడండి. పది చోట్లలో మూడు తప్పులు, మూడు చోట్లలో మూడు తప్పులు ఒకటి కావు. మొదటి వారం రాతకు కూడా ఇదే లెక్క వేసి పక్కపక్కన పెట్టండి. పదింటిలో ఎనిమిది దాకా సరిగ్గా ఉంటే ఆ రకం పక్కన పెట్టి కొత్తది తీసుకోవచ్చు. సగం దగ్గరే ఆగితే ఇంకో రెండు వారాలు అదే కొనసాగించండి, కానీ ఉదాహరణలు మార్చండి. అసలు కదలకపోతే లోపం పిల్లవాడిది అనుకోకుండా నోటితో అడిగి చూడండి. మాటల్లో కూడా "పాలు వచ్చింది" అంటున్నాడంటే రాత దిద్ది లాభం లేదు, ముందు వినాలి, మాట్లాడాలి. మాటల్లో సరిగ్గా అంటూ రాతలో తప్పుతున్నాడంటే రాశాక చదువుకునే అలవాటు లేదన్నమాట. అలాంటివాడిని, నోట్సు మీ చేతికి ఇచ్చే ముందు తన రాతను పెదవులు కదుపుతూ ఒకసారి చదువుకోమనండి.

రెండు నెలల తర్వాత ఇంకోసారి, చెప్పకుండా, అదే లెక్క వేయండి. కొంత వెనక్కి జారడం మామూలే, సెలవుల తర్వాత మరీ ఎక్కువ. దసరా సెలవుల నుంచి వచ్చిన మొదటి వారం కొత్త రకం ఎత్తుకోకుండా పాత గుర్తులతోనే ఒక పేజీ రాయించండి.